కట్టడానికి డబ్బుంది, కాపాడుకోవడానికే లేదు: పంచాయతీ నిధుల లెక్క

బోరు మోటారు కాలిపోవడానికి ముహూర్తం ఉండదు. ఏప్రిల్ ఎండల్లో, ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగంటిన పూటే కాలుతుంది. తెల్లారేసరికి ఖాళీ బిందెలతో జనం పంచాయతీ ఆఫీసు ముందు నిలబడతారు. మోటారును పైకి లాగాలంటే చైన్ బ్లాకు కావాలి, నలుగురు మనుషులు కావాలి. దాన్ని ఆటోలో వేసి వైండింగ్ షాపుకు పంపాలి, బాగయ్యాక తెచ్చి మళ్లీ దింపాలి. ఇదంతా ఆ రోజో, మర్నాడో అయిపోవాలి. పంచాయతీ ఖాతాలో డబ్బు ఉండొచ్చు. అయితే అది బయటికి రావాలంటే బిల్లు పెట్టాలి, ఆన్‌లైన్‌లో వోచర్ తయారు కావాలి, అధికారం ఉన్న ఇద్దరు డిజిటల్ సంతకం కీలతో ఆమోదించాలి, అప్పటికి పైన ఎక్కడా చెల్లింపులు ఆగి ఉండకూడదు. నీళ్ల కోసం జనం అన్నాళ్లు ఆగలేరు. అందుకే చాలా ఊళ్లలో సర్పంచే చేతి డబ్బు పెడతాడు, లేదా వైండింగ్ షాపులో బాకీ రాయిస్తాడు.

అదే ఊళ్లో ఆ ఆఫీసుకు నాలుగడుగుల దూరంలో కొత్త సీసీ రోడ్డు ఉంటుంది. దాని పక్కన శిలాఫలకం, దాని మీద లక్షల్లో అంచనా వ్యయం. రోడ్డుకు లక్షలు దొరికిన ఊరికి మోటారు బాగు చేయించడానికి వేలు ఎందుకు దొరకడం లేదు? ప్రభుత్వం పల్లెలకు డబ్బు ఇవ్వడం లేదని అనడం తేలికే గానీ అది పూర్తి నిజం కాదు. డబ్బు వస్తోంది, పాత రోజులతో పోలిస్తే చాలా ఎక్కువే వస్తోంది. ప్రతి రూపాయీ మాత్రం తాను దేనికో ముందే రాయించుకుని వస్తోంది. ఆ రాతల్లో కొత్తగా కట్టే పనులకు పెద్ద చోటు ఉంది. కట్టినదాన్ని ఏటా నడపడానికి ఉన్న చోటు చాలా చిన్నది.

రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. 11వ షెడ్యూలులో తాగునీరు, రోడ్లు, గ్రామీణ విద్యుదీకరణ మొదలుకొని పశుపోషణ, గ్రంథాలయాల దాకా 29 అంశాలు చేర్చి, వాటిని పంచాయతీలకు అప్పగించవచ్చని చెప్పింది. 'అప్పగించాలి' అనలేదు, ఎంతవరకు అప్పగించాలో రాష్ట్ర శాసనసభలకే వదిలేసింది. డబ్బు విషయంలో రెండు దారులు పెట్టింది. మొదటిది 243-ఐ అధికరణ: ప్రతి ఐదేళ్లకు రాష్ట్ర ఆర్థిక సంఘం వేసి, రాష్ట్ర ఆదాయంలో పంచాయతీల వాటా ఎంతో తేల్చాలి. రెండోది 280వ అధికరణ: రాష్ట్ర సంఘం సిఫార్సుల ఆధారంగా, పంచాయతీల వనరులకు తోడుగా ఏం చేయాలో కేంద్ర ఆర్థిక సంఘం సూచించాలి. మొదట రాష్ట్రం ఇస్తుంది, చాలనిచోట కేంద్రం తోడు నిలుస్తుంది అన్నది దీని వెనకున్న ఆలోచన. ఆచరణలో ఇది తలకిందులైంది. రాష్ట్ర ఆర్థిక సంఘాలను వేయడంలోనే చాలా రాష్ట్రాలు ఏళ్ల తరబడి ఆలస్యం చేశాయి. వేసిన చోట నివేదికలు వచ్చినా అమలు అరకొరే. దాంతో తోడుగా రావాల్సిన కేంద్రం డబ్బే ఊరికి అసలు ఆధారమైంది.

ఎంతగా ఆధారమైందో రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో వెలువరించిన పంచాయతీల ఆర్థిక నివేదిక చూస్తే తెలుస్తుంది. పంచాయతీల ఆదాయంలో దాదాపు 80 శాతం కేంద్ర గ్రాంట్లు, 15 శాతం రాష్ట్ర గ్రాంట్లు. సొంత పన్నుల వాటా 1 శాతం దగ్గరే ఉంది. దేశం మొత్తానికి సగటు తీస్తే ఒక్కో పంచాయతీకి కేంద్రం నుంచి 17 లక్షల రూపాయల దాకా వస్తుంటే, సొంత పన్నుల ద్వారా వచ్చేది 21 వేలే. పంచాయతీ తన ఇష్ట ప్రకారం, ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకోగలిగే డబ్బు ఎంతుందో చెప్పడానికి ఈ రెండంకెలు చాలు.

కేంద్ర ఆర్థిక సంఘం నిధుల చరిత్ర పెద్దదేమీ కాదు. పదో ఆర్థిక సంఘం తొలిసారి పంచాయతీలకు కొంత కేటాయించింది, 1971 నాటి గ్రామీణ జనాభా లెక్కన తలకు 100 రూపాయలు. తర్వాతి సంఘాలు పెంచుకుంటూ వచ్చాయి. అసలు మలుపు 14వ ఆర్థిక సంఘంతో వచ్చింది. రిజర్వు బ్యాంకు మాజీ గవర్నర్ వై.వి. రెడ్డి అధ్యక్షతన పనిచేసిన ఆ సంఘం 2015 నుంచి 2020 దాకా గ్రామ పంచాయతీలకు 2,00,292 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. అందులో 90 శాతం బేసిక్ గ్రాంటు, 10 శాతం పనితీరును బట్టి ఇచ్చే గ్రాంటు. డబ్బు మండలానికో జిల్లాకో కాకుండా నేరుగా గ్రామ పంచాయతీకే చేరాలని చెప్పడం దాని ప్రత్యేకత. ఊరి ఖాతాలో చెప్పుకోదగ్గ మొత్తం కనిపించడం చాలామంది సర్పంచులకు అదే మొదలు.

ఎన్.కె. సింగ్ అధ్యక్షతన 15వ ఆర్థిక సంఘం మొత్తాన్ని పెంచింది. 2021 నుంచి 2026 దాకా గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు. దాంతో పాటే షరతులూ పెంచింది. నిధులను మళ్లీ గ్రామ, మండల, జిల్లా మూడు అంచెలకూ పంచింది. అంతకన్నా ముఖ్యంగా, ప్రతి 100 రూపాయల్లో 60 రూపాయలను కట్టేసింది. అందులో 30 పారిశుధ్యానికి, 30 తాగునీటికి, వాన నీటి సంరక్షణకు. వీటిని ఆఫీసుల్లో 'టైడ్' నిధులంటారు. మిగతా 40 రూపాయలు 'అన్‌టైడ్', అంటే ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. అయితే అందులోంచి కూడా జీతాలకు, ఎస్టాబ్లిష్‌మెంట్ ఖర్చులకు పైసా తీయకూడదంది.

ఇలా కట్టేయడాన్ని పూర్తిగా తప్పు పట్టడం న్యాయం కాదు. స్వేచ్ఛగా వదిలేస్తే పంచాయతీ డబ్బు ఎక్కువగా సీసీ రోడ్ల వైపే పారుతుందన్నది తెలుగు రాష్ట్రాల్లో ఏ మండల ఇంజినీరును అడిగినా చెబుతాడు. రోడ్డు కంటికి కనిపిస్తుంది, నెలలో పూర్తవుతుంది, కాంట్రాక్టరుకూ సులువు. మురుగు కాలువ అలా కాదు. దానికి వాలు చూడాలి, చివర నీళ్లు ఎక్కడికి పోవాలో తేల్చాలి, నలుగురి ఇళ్ల ముందు మెట్లు కొట్టించాలి, ఆ నలుగురితో మాటలు పడాలి. అందుకే కాలువ లేని వీధిలో రోడ్డు పడుతుంది. పాత రోడ్డు మీదే కొత్తది వేయడంతో మట్టం ఒక్కోసారి జానెడు పెరుగుతుంది. ఒకప్పుడు వీధికి రెండు మెట్లు పైన ఉన్న గడప ఇప్పుడు రోడ్డు కన్నా కిందికి పోతుంది. పెద్ద వాన కురిస్తే నీళ్లు నేరుగా వసారాలోకి. ఆ ఇంటి ముసలమ్మ గోనె సంచులు అడ్డం పెట్టుకుని రాత్రంతా కూర్చుంటుంది. అభివృద్ధి పనుల జాబితాలో ఆ రోడ్డు మాత్రం పూర్తయిన పనిగానే ఉంటుంది. పారిశుధ్యానికి వాటా విడిగా ఉంచాలనడానికి ఈ గడప ఒక్కటి చాలు.

అసలు ఇన్ని సీసీ రోడ్లకు డబ్బు ఎక్కడిది? ఆర్థిక సంఘం నిధులతో పోసినవి కొన్నే. ఎక్కువ భాగం ఉపాధి హామీ నుంచి వచ్చింది. 2005 నాటి చట్టం, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకం. ఖర్చులో కనీసం 60 శాతం కూలికి పోవాలి, మెటీరియల్‌కు 40 శాతం దాటకూడదు అన్నది దాని నియమం. నైపుణ్యం అవసరంలేని పనుల కూలి మొత్తం కేంద్రం భరించేది, మెటీరియల్‌లో నాలుగింట మూడొంతులు ఇచ్చేది. చెరువు పూడికలో, కందకాల్లో కూలీలు సంపాదించుకున్న ప్రతి 60 రూపాయలకు, జిల్లా లెక్కలో 40 రూపాయల సిమెంటు, కంకర పనికి అర్హత పుట్టేది. మన వీధుల్లోని కాంక్రీటులో చాలా భాగం ఆ లెక్కన ఉపాధి కూలీల చెమటతో పుట్టింది. ఎండలో గునపం పట్టిన మనిషి పేరు ఏ శిలాఫలకం మీదా లేదు గనుక ఈ మాట చెప్పి తీరాలి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. పని దినాల హామీని 100 నుంచి 125కు పెంచింది, ఖర్చును మాత్రం చాలా రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40 నిష్పత్తిలో పంచింది. ఇప్పటికే మెటీరియల్ బిల్లులు నెలల తరబడి ఆగే చోట, రాష్ట్ర ఖజానా మీద పడే ఈ కొత్త బరువు వీధి చివర పనుల దాకా కనిపించడం ఖాయం.

ఊరి లోపలి రోడ్డు ఒక దారిలో వస్తే, ఊరికి వచ్చే రోడ్డు మరో దారిలో వస్తుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసాలకు అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డు వేయడం దాని లక్ష్యం. 2024 సెప్టెంబరులో ఆమోదించిన నాలుగో దశలో 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు, 70,125 కోట్ల ఖర్చు అనుకున్నారు. ఈ పథకంలో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది కిలోమీటర్లను కాదు, టెండరులోని ఒక నిబంధనను. రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు దాని బాగోగులు చూడాలి, ఆ ఖర్చు ఒప్పందంలోనే కలిసి ఉంటుంది. ఐదేళ్లూ గుంత పడితే తన చేతి నుంచే పూడ్చాలని తెలిసినవాడు తారు పోసేటప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. గ్రామీణ పనులకు సంబంధించినంత వరకు ఇంతకు మించిన నాణ్యత తనిఖీ లేదు. విచిత్రమేమంటే ఇన్నేళ్లయినా ఆ నిబంధన ఊరి వీధుల్లోకి, నీటి ట్యాంకుల్లోకి సరిగా రాలేదు.

నాబార్డు నిధులతో వంతెన, నాబార్డు నిధులతో రోడ్డు అని పేపర్లో తరచూ చదువుతుంటాం. చదివినవాళ్లు అది ఉచితంగా వచ్చిన డబ్బనే అనుకుంటారు. అది అప్పు. వ్యవసాయం, చిన్న పరిశ్రమల వంటి ప్రాధాన్య రంగానికి ఇవ్వాల్సినంత రుణాలు ఇవ్వని బ్యాంకులు ఆ తగ్గిన మొత్తాన్ని తెచ్చి పెట్టే గ్రామీణ మౌలిక సదుపాయాల అభివృద్ధి నిధి 1995-96లో 2,000 కోట్లతో మొదలైంది. నాబార్డు అందులోంచి రాష్ట్రాలకు రుణం ఇస్తుంది. రెండేళ్ల వెసులుబాటు కలిపి ఏడేళ్లలో తీర్చాలి. తీర్చేది రాష్ట్ర ఖజానా, అంటే ఆఖరికి మనమే. ఎంపీ లాడ్స్, అంటే ఎంపీల స్థానిక ప్రాంత అభివృద్ధి నిధుల కింద ఏడాదికి ఒక్కో ఎంపీకి 5 కోట్లు ఉంటాయి గానీ, ఒక లోక్‌సభ నియోజకవర్గంలో ఎన్ని వందల ఊళ్లుంటాయో లెక్క వేస్తే అందులో ఒక ఊరికి ఒక కమ్యూనిటీ హాలు దక్కడమే గొప్ప.

నీళ్ల దగ్గరికి వస్తే సమస్య ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించేనాటికి దేశంలో 3.23 కోట్ల గ్రామీణ ఇళ్లకే కుళాయి ఉంది, అంటే 17 శాతం. తలకు రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది ప్రమాణం. 3.60 లక్షల కోట్ల అంచనా. తెలంగాణలో అంతకు ముందే, 2016లో మిషన్ భగీరథ గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైంది. పైపులు పడ్డాయి, కుళాయిలు వచ్చాయి, ఇంటి ముందు నీళ్లు పడుతున్న ఇల్లాలి కష్టం నిజంగా తగ్గింది. దీన్ని తక్కువ చేసి చూడకూడదు. కానీ కుళాయి బిగించడం ఒక రోజు పని, అందులో నీళ్లు రప్పించడం రోజూ చేయాల్సిన పని. వాల్వు తిప్పే మనిషికి జీతం కావాలి, క్లోరిన్ కావాలి, పగిలిన పైపు అతికించాలి, కరెంటు బిల్లు కట్టాలి.

కరెంటు బిల్లు పంచాయతీలకు ఏళ్ల నాటి శని. వీధి దీపాలు, నీటి మోటార్ల బిల్లులు నెల నెలా పేరుకుని బకాయిలవుతాయి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిలకు సర్దుబాటు చేసినప్పుడు సర్పంచులు రోడ్డెక్కారు. తీర్మానం లేకుండా మా ఖాతాలోంచి ఎలా తీస్తారన్నది వాళ్ల ప్రశ్న, అది న్యాయమైనదే. బిల్లు కట్టకుండా ఎన్నాళ్లు వాడుకుంటారన్నది అవతలి ప్రశ్న, దానికీ సమాధానం కావాలి. అసలు మూలం ఈ రెండింటికీ వెనక ఉంది. ట్యాంకు మంజూరు చేసిన రోజున, ఆ ట్యాంకు నింపడానికి ఏటా ఎంత కరెంటు కాలుతుంది, ఆ డబ్బు ఎవరిస్తారు అని ఎస్టిమేట్‌లో ఎవరూ రాయలేదు.

తెలంగాణలో ట్రాక్టర్ల అనుభవమూ అదే చెబుతుంది. 2019 సెప్టెంబరులో 30 రోజుల ప్రణాళికగా మొదలై, తర్వాత పల్లె ప్రగతిగా సాగిన కార్యక్రమం ఊళ్ల రూపం మార్చింది. నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక), దాదాపు ప్రతి పంచాయతీకి ఒక ట్రాక్టరు వచ్చాయి. అంతకు ముందు చెత్త ఎత్తే నాథుడే లేని చిన్న ఊళ్లలో ఇది పెద్ద మార్పు. అయితే ట్రాక్టరుకు బ్యాంకు కిస్తీ ఉంది, డీజిల్ ఉంది, డ్రైవరు జీతం ఉంది. నిధులు నెల నెలా వచ్చినంత కాలం బండి తిరిగింది. అవి ఆగాక చాలా చోట్ల డీజిల్ కోసం కార్యదర్శులు అప్పులు చేశారు.

ఎందుకు ఆగాయి అన్నది రెండు రాష్ట్రాల వాళ్లూ తెలుసుకోవాల్సిన సంగతి. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం గ్రాంటు రాదు. పాలకవర్గం గడువు ఐదేళ్లు, అది ముగిసేలోగానే ఎన్నికలు జరపాలని 243-ఇ అధికరణ సూటిగా చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిస్తే 2025 డిసెంబరులో జరిగాయి. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన. ఒక్కో అధికారికి తన సొంత శాఖ పనితో పాటు నాలుగైదు ఊళ్లు. రాజకీయ కారణాలతోనో, రిజర్వేషన్ల వివాదంతోనో, కోర్టు కేసులతోనో ఎన్నికలు వాయిదా పడ్డాయని పేపర్లు రాస్తాయి. ఊళ్లో మాత్రం అది వెలగని వీధి దీపంగా, ఎత్తని చెత్తగా కనిపిస్తుంది. పంచాయతీ ఎన్నిక ఆలస్యం అంటే పదవుల గొడవ మాత్రమే అనుకునేవాళ్లు ఈ నిధుల లెక్క ఒకసారి చూడాలి.

వచ్చిన డబ్బు కూడా దారిలో నిలవకూడదని 15వ ఆర్థిక సంఘం నిధుల మార్గదర్శకాలు గట్టిగానే చెప్పాయి. కేంద్రం నుంచి అందిన 10 పని దినాల్లో రాష్ట్రం దాన్ని స్థానిక సంస్థలకు జమ చేయాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. మంచి నియమం. అయితే డబ్బు ఖాతాలో పడటం వేరు, ఖర్చుకు చిక్కడం వేరు. పని పూర్తయి, ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో కొలతలు రికార్డయి, బిల్లు అప్‌లోడ్ అయి, చెల్లింపు మాత్రం నెలల తరబడి పెండింగ్‌లో ఉండటం రెండు రాష్ట్రాల్లోనూ సర్పంచులు చెప్పే మొదటి బాధ. ఆస్తులు తాకట్టు పెట్టి పనులు చేయించి, పదవి దిగిపోయాక కూడా బిల్లుల కోసం ధర్నాలు చేస్తున్న మాజీ సర్పంచుల వార్తలు తెలంగాణలో తరచూ వచ్చాయి. దీని దెబ్బ వాళ్లకే పరిమితం కాదు. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని పనికి వచ్చే కాంట్రాక్టరు ఆ టెన్షన్‌కు కూడా ముందే రేటు వేసుకుంటాడు, లేదా సిమెంటులో తగ్గించుకుంటాడు.

ప్రణాళిక విషయానికి వస్తే, ప్రతి పంచాయతీ ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారు చేసి ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో పెట్టాలి. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులు తీర్మానించారు. అంతమంది ఒకే రోజు కూర్చుని ఊరి పనుల గురించి మాట్లాడటం చిన్న విషయం కాదు. అయితే మామూలు ఏడాదిలో గ్రామసభ ముందు ఉండేది కోరికల జాబితాయే. ఈ ఏడు మన ఊరికి మొత్తం ఎంత వస్తుంది, అందులో టైడ్ ఎంత, పాత బకాయిలు పోగా మిగిలేది ఎంత అన్న అంకె చెప్పకుండా ఏం కావాలో చెప్పమంటే, ఎవరైనా తమ వీధికి రోడ్డే అడుగుతారు. అంకె చెప్పి అడిగితే చర్చ మారుతుంది. రోడ్డా, మోటారుకు స్పేరా అని జనమే తూచి చూస్తారు.

సొంత ఆదాయం పెంచుకోమని పంచాయతీలకు చెప్పడం కేంద్రానికీ రాష్ట్రాలకూ అలవాటు. ఇంటి పన్ను సవరించి వసూలు చేయాల్సిందే, అందులో సందేహం లేదు. ఓట్లు పోతాయన్న భయంతో పాత విలువల మీదే పన్ను నడిపే సర్పంచులు చాలామంది. కానీ ఆస్తి రిజిస్ట్రేషన్ల మీద వచ్చే డ్యూటీలో పంచాయతీ వాటా, ఇసుక, రాయి తవ్వకం మీద వచ్చే సీనరేజీ రుసుములో వాటా వంటివి చట్టం ప్రకారం ఊరికి చెందినవే. అవి సమయానికి ఊరికి చేర్చకుండా, నీ కాళ్ల మీద నువ్వు నిలబడు అనడం సబబు కాదు.

2026 ఏప్రిల్‌తో 16వ ఆర్థిక సంఘం కాలం మొదలు. కొత్త ఐదేళ్లలో గ్రాంటు ఎంత పెరుగుతుందన్న దాని మీదే అందరి చూపూ ఉంటుంది. దానికన్నా మూడు చిన్న మార్పులు ఊళ్లకు ఎక్కువ మేలు చేస్తాయి. ట్యాంకు, షెడ్డు, రోడ్డు ఏది మంజూరైనా, ఏటా దాని నడిపే ఖర్చెంత, అది ఏ పద్దు నుంచి వస్తుంది అన్నది ఎస్టిమేట్‌లోనే రాయడం. సడక్ యోజనలోని ఐదేళ్ల నిర్వహణ నిబంధనను ఊరి లోపలి పనులకూ పెట్టడం. మూడోది మొదట చెప్పిన మోటారుకు సంబంధించింది. ప్రతి పంచాయతీ దగ్గర అత్యవసర మరమ్మతుల కోసం కొంత మొత్తం విడిగా ఉంచి, కార్యదర్శి, సర్పంచ్ కలిసి అదే రోజు తీసి ఖర్చు పెట్టి, రసీదులు తర్వాతి గ్రామసభలో చదివి వినిపించే ఏర్పాటు చేయొచ్చు. వైండింగ్ షాపువాడికి అడిగిన రోజే డబ్బు చేతిలో పడితే, సాయంత్రానికి మోటారు బోరులో ఉంటుంది.